చదవని పుస్తకానికి ఒక్క స్టార్

2023 డిసెంబర్‌లో అమెరికాలో ఒక రచయిత కెరీర్ మొదలవకముందే ఆగిపోయింది. కేట్ కొరైన్ మొదటి నవల మరుసటి ఏడాది రావాల్సి ఉంది. వేస్తున్నది డెల్ రే, అంటే పెంగ్విన్ రాండమ్ హౌస్‌లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకు పేరుపడ్డ విభాగం. కొత్తగా రాసేవారికి అంతకంటే మంచి ఆరంభం దొరకడం కష్టం. సరిగ్గా ఆ సమయంలో, పాఠకులు పుస్తకాలకు స్టార్లు వేసి రివ్యూలు రాసే గుడ్‌రీడ్స్ సైట్‌లో కొన్ని అకౌంట్లు ఒకే తీరుగా నడుస్తున్నాయని కొందరికి అనుమానం వచ్చింది. కొరైన్ నవలకు ఐదు స్టార్లు, అదే ఏడాది తొలి పుస్తకం తెస్తున్న మరికొందరికి ఒక్క స్టార్. దెబ్బ తిన్నవారిలో చాలామంది నల్లజాతి రచయితలు, ఆసియా మూలాలున్నవారు. కొందరైతే కొరైన్‌కు పరిచయస్తులే, ఒకే ప్రచురణ సంస్థలో తోటివారే.

షిరాన్ జే జావ్ అనే రచయిత స్క్రీన్‌షాట్లన్నీ ఒకచోట చేర్చి బయటపెట్టారు. ఇదంతా తన స్నేహితురాలు చేసిన పని అని కొరైన్ మొదట అన్నారు, రుజువుగా ఒక చాట్ కూడా చూపించారు. ఆ చాట్ కల్పితమని తేలింది. ఆఖరికి ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. అప్పటి మానసిక స్థితి, మందులు, తాగుడు కారణమని రాశారు. డెల్ రే నవలను వదిలేసింది. ప్రచురణకర్తలతో ఒప్పందాలు చూసే ఏజెంట్ కూడా తప్పుకున్నారు.

ఈ కథలో అందరి దృష్టీ అబద్ధం చెప్పిన మనిషి మీదే పడింది. గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఒక్క స్టార్ పడ్డ పుస్తకాల్లో చాలావరకు అప్పటికి అచ్చయి బయటికే రాలేదు. దుకాణంలో లేని పుస్తకం, పాఠకుడి చేతికి అందని పుస్తకం, దాని పేరు పక్కన మాత్రం ఒక మార్కు. ఆ మార్కు వేయడానికి కావాల్సింది ఒక ఈమెయిల్ ఐడీ.

రచయితలకూ సమీక్షకులకూ మధ్య ఆన్‌లైన్‌లో సాగుతున్న ఈ వైరాన్ని మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని విడగొట్టి చూస్తే ఏమీ తెలియదు. పదిహేనేళ్ల చరిత్ర చూస్తే దాడి చేసినవారిలో రచయితలున్నారు, పాఠకులున్నారు, ఇద్దరి పేరూ చెప్పుకుని డబ్బు గుంజినవారూ ఉన్నారు. మారనివి రెండే. గొడవ జరిగే చోటు ఎలా కట్టి ఉందన్నది ఒకటి. ఎక్కువసార్లు నష్టపోయేది జీతం లేకుండా, పేరు లేకుండా రివ్యూ రాసే మామూలు పాఠకుడే అన్నది రెండోది.

గుడ్‌రీడ్స్ 2007లో మొదలైంది. ఏం చదివాం, ఏం చదవాలనుకుంటున్నాం, ఎలా ఉంది అని స్నేహితులతో చెప్పుకోవడానికి పెట్టిన సైట్ అది. ఒటిస్ చాండ్లర్, ఎలిజబెత్ ఖూరీ దాన్ని ప్రారంభించారు. 2013లో అమెజాన్ కొనే నాటికి 1.6 కోట్ల సభ్యులున్నారు. అంతకుముందు ఒక పుస్తకం బతుకు చావులు పదిపదిహేను పత్రికల సమీక్షకుల చేతిలో ఉండేవి. ఆ అధికారం ఒక్కసారిగా పాఠకుల చేతికి వచ్చింది. నిజంగా ఇది మంచి మార్పే. రొమాన్స్, టీనేజర్ల నవలలు, ఫాంటసీ లాంటివాటిని పెద్ద పత్రికలు ఎప్పుడూ పట్టించుకోలేదు. వాటి గురించి లోతుగా, ప్రేమగా, కోపంగా, పేజీలకు పేజీలు రాసినవాళ్లు ఈ పాఠకులే. ఎక్కువమంది ఆడవాళ్లు, చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట రాసినవాళ్లు.

విడుదలకు ముందే రేటింగ్ వేసే వీలు ఎందుకు ఉందన్న ప్రశ్నకు జవాబు ప్రచురణకర్తల దగ్గరుంది. పుస్తకం రావడానికి కొన్ని నెలల ముందే వాళ్లు ముందస్తు ప్రతులు పంచుతారు. నెట్‌గ్యాలీ లాంటి చోట్ల ఈ-బుక్ రూపంలో అడిగినవారికి ఇస్తారు. విడుదల రోజుకే పుస్తకం గురించి నాలుగు మాటలు వినిపించాలి, ముందస్తు ఆర్డర్లు రావాలి. దీనికోసం తలుపు ముందే తెరిచి ఉంచారు. ప్రతి అందినవాళ్లు ఆ తలుపులోంచి వస్తారు, అందనివాళ్లూ వస్తారు. ఎవరి దగ్గర ప్రతి ఉంది, ఎవరి దగ్గర లేదు అని చూసేవాళ్లు ఎవరూ లేరు.

ఇటువైపు రచయిత పరిస్థితి కూడా మారింది. రాసి ఇచ్చేస్తే సరిపోయే రోజులు పోయాయి. సోషల్ మీడియాలో కనిపించాలి, పాఠకులతో మాట్లాడాలి, తన పుస్తకాన్ని తానే అమ్ముకోవాలి అని ప్రచురణకర్తలే చెబుతున్నారు. సొంతంగా ప్రచురించుకునేవారికి వేరే దారే లేదు. అంటే రెండేళ్లో మూడేళ్లో కష్టపడి రాసిన మనిషి, ఆ రాత నచ్చలేదని స్నేహితులతో చెప్పుకునే మనిషి, ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నారు. పాఠకుడు తన స్నేహితులతో మాట్లాడుతున్నాననుకుంటాడు. రచయితకు అది తన మొహం మీద అన్నట్టు వినిపిస్తుంది. సగటు రేటింగ్ ఎంత పడిందో రోజుకు ఇన్నిసార్లు చూసుకునే టెన్షన్ దీనికి తోడు.

టెన్షన్ భరించలేక దొంగ పేర్లు పెట్టుకోవడం కొరైన్‌తో మొదలవలేదు. బాగా స్థిరపడ్డవారూ చేశారు. 2010లో బ్రిటన్‌లో ఓర్లాండో ఫైజెస్ వ్యవహారం బయటపడింది. రష్యా చరిత్ర మీద పేరున్న ప్రొఫెసర్ ఆయన, లండన్‌లోని బర్క్‌బెక్ కాలేజీలో పనిచేసేవారు. అమెజాన్‌లో మారు పేర్లతో తోటి చరిత్రకారులు రాబర్ట్ సర్వీస్, రేచెల్ పోలన్‌స్కీ పుస్తకాలను చెత్త అని రాశారు, తన పుస్తకాన్ని మెచ్చుకున్నారు. అనుమానం వ్యక్తం చేసినవారికి మొదట లాయర్ చేత నోటీసులు పంపించారు. తర్వాత ఆ రాతలు తన భార్యవని అన్నారు. ఆ తర్వాత తానేనని ఒప్పుకున్నారు. క్షమాపణ చెప్పడమే కాక, వాళ్లిద్దరికీ నష్టపరిహారం కూడా కట్టాల్సి వచ్చింది. వీటిలో చివరి మెట్లు, అంటే ఇంకొకరి మీదికి నెట్టడం, ఒప్పుకోవడం, క్షమాపణ, పదమూడేళ్ల తర్వాత కొరైన్ విషయంలో దాదాపు అలాగే కనిపిస్తాయి.

2012లో క్రైమ్ నవలల రచయిత ఆర్.జె. ఎలరీ కూడా ఇలాగే దొరికారు. సొంత నవలను ఆధునిక కళాఖండం అని మారు పేరుతో పొగుడుకున్నారు, తోటి రచయితల పుస్తకాలకు తక్కువ స్టార్లు ఇచ్చారు. అదే ఏడాది స్టీఫెన్ లెదర్ అనే మరో రచయిత, తన పుస్తకాల గురించి మాట్లాడుకోవడానికి మారు పేర్ల అకౌంట్లు వాడతానని ఒక సాహిత్యోత్సవ వేదిక మీదే చెప్పేశారు. అప్పుడు కొన్ని పదుల మంది బ్రిటిష్ రచయితలు ఇలాంటి పనులు చేయబోమని బహిరంగ లేఖ రాశారు. పాఠకులు నిజాయితీగా రాసే రివ్యూలే దీనికి మందు అని ఆ లేఖ చెప్పింది. ఆ మాట సరైనదే. కానీ అదే ఏడాది అట్లాంటిక్ అవతల అలాంటి పాఠకులకే దినగండంగా ఉంది.

2012లో ‘స్టాప్ ద జీఆర్ బుల్లీస్’, అంటే గుడ్‌రీడ్స్‌లో వేధించేవాళ్లను ఆపండి అనే సైట్ ఒకటి వచ్చింది. గుడ్‌రీడ్స్‌లో రచయితలను వేధించే రివ్యూయర్లను ఎదిరించడం తమ పని అని దాన్ని నడిపేవాళ్లు చెప్పుకున్నారు. వాళ్ల పేర్లు మాత్రం బయటపెట్టలేదు. ఘాటుగా రివ్యూలు రాసే కొందరు పాఠకుల అసలు పేర్లు, ఉండే ఊళ్లు, రోజువారీ వివరాలు ఆ సైట్‌లో వేశారు. ఆ రివ్యూల్లో కొన్ని నిజంగానే మొరటుగా ఉన్నాయి. బూతులు, వెటకారం, రచయిత మీద విసుర్లు ఉన్నాయి. అయినా ఒక పుస్తకాన్ని తిట్టిన మనిషి ఏ ఊళ్లో ఎక్కడ ఉంటుందో లోకానికి చెప్పడం దానికి సమాధానం కాదు. వేధింపు అన్న మాటకు అసలు అర్థం అక్కడే తలకిందులైంది. నచ్చలేదు అన్నందుకు బుల్లీ అని ముద్ర వేయడం, ఆ ముద్ర చూపించి ఇంటి అడ్రస్ వెతకడం ఒక అలవాటుగా మారడం అప్పుడే మొదలైంది.

దీనికి గుడ్‌రీడ్స్ ఇచ్చిన జవాబు 2013 సెప్టెంబర్‌లో వచ్చింది. అమెజాన్ కొన్న కొద్ది నెలలకే. రచయిత ప్రవర్తన గురించి ప్రధానంగా మాట్లాడే రివ్యూలను, అలాంటి పేర్లున్న షెల్ఫులను తీసేస్తామని ప్రకటించింది. షెల్ఫు అంటే సభ్యులు తమ పుస్తకాలను విడగొట్టి పెట్టుకునే అర. ఫలానా రచయిత పాఠకులతో అసభ్యంగా పోట్లాడతాడు, ఇక కొనను అని గుర్తుపెట్టుకోవడానికి చాలామంది ‘దురుసు రచయితలు’ అన్న అర్థం వచ్చే షెల్ఫులు పెట్టుకున్నారు. ముందుగా చెప్పకుండానే కొన్ని రివ్యూలు, షెల్ఫులు మాయమయ్యాయి. సభ్యులు ఒక్కసారిగా భగ్గుమన్నారు. తీసేసిన రివ్యూలను మళ్లీ మళ్లీ పెట్టారు. కొందరు అకౌంట్లు మూసేసి వేరే సైట్లకు వెళ్లిపోయారు. కొందరు నిరసన రాతలన్నీ కలిపి ఒక పుస్తకంగా తెచ్చారు.

ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. గుడ్‌రీడ్స్ గీసిన గీత చూడటానికి న్యాయంగానే ఉంది. పుస్తకం గురించి మాట్లాడండి, మనిషి గురించి వద్దు. సమీక్షను ప్రేమించే ఎవరైనా ఈ మాటకు తలూపుతారు. కానీ గీత న్యాయమైనది కావడం వేరు, దాన్ని గీసే చేతికి ఆ అర్హత ఉండటం వేరు. పుస్తకాలు అమ్ముకునే కంపెనీ చేతిలో ఆ గీత ఉంది. రచయితలు, ప్రచురణకర్తలు ఆ కంపెనీకి ప్రకటనలు ఇచ్చేవారు. పాఠకులు ఊరికే రాసిపెట్టేవారు. ఒక రచయిత తన పాఠకురాలి ఇంటి అడ్రస్ బయటపెడితే, అది పుస్తకానికి సంబంధం లేని విషయమా? ఆ రచయిత పుస్తకం కొనాలా వద్దా అని ఆలోచించే పాఠకుడికి అది చాలా సంబంధమున్న విషయం. అటువైపు, పుస్తకం తెరవకుండానే రచయిత రాజకీయాలు నచ్చలేదని ఒక్క స్టార్ ఇచ్చేవారికీ ఇదే వాదన పనికొస్తుంది. రెండింటినీ విడదీయాలంటే మనుషులు కూర్చుని, ప్రతి ఫిర్యాదూ చదివి, కారణం చెప్పి తీర్పు ఇవ్వాలి. అలాంటి పనికి జీతాలివ్వాలి. గుడ్‌రీడ్స్‌లో పుస్తకాల వివరాలు సరిదిద్దే పనిలో పెద్ద భాగం ఇప్పటికీ లైబ్రేరియన్లు అని పిలిచే స్వచ్ఛంద సభ్యులే చేస్తున్నారు.

ఆ తర్వాతి ఏడాదే అసలు భయం ఏమిటో అందరికీ అర్థమైంది. 2014 అక్టోబర్‌లో అమెరికన్ రచయిత్రి కాథ్లీన్ హేల్ ‘ద గార్డియన్’లో ఒక సుదీర్ఘ వ్యాసం రాశారు. తన తొలి నవలకు ఒక్క స్టార్ ఇచ్చిన రివ్యూయర్‌ని ఎలా వెతికి పట్టుకున్నారో అందులో చెప్పుకున్నారు. ఇంటర్వ్యూ పేరుతో ఆమె చిరునామా సంపాదించారు. డబ్బు కట్టి ఆమె వివరాలన్నీ తీయించారు. కారు అద్దెకు తీసుకుని ఆమె ఇంటిదాకా వెళ్లారు. గుమ్మం దగ్గర ఒక పుస్తకం పెట్టి వచ్చారు. ఆమె పనిచేసే చోటికి, వివరాలు సరిచూసే ఉద్యోగినని చెప్పి ఫోన్ చేశారు. ఆ రివ్యూయర్ మారు పేరుతో, మారు జీవితంతో రాస్తోందన్నది హేల్ ఆరోపణ. అది నిజమే అనుకున్నా, ఒక పాఠకురాలు సొంత పేరు ఎందుకు దాచుకుంటుందో హేల్ చేసిన ప్రయాణమే చెబుతోంది. వ్యాసం రాగానే కొందరు రచయితలు హేల్‌ని మెచ్చుకున్నారు. భయపడిన పుస్తక రివ్యూయర్లు కొన్ని రోజులు కొత్త పుస్తకాల మీద రాయడం మానేసి నిరసన తెలిపారు.

అదే నెలలో స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథెస్ అనే ఊళ్లో ఇంకా ఘోరం జరిగింది. రిచర్డ్ బ్రిటన్ అనే ఇంగ్లండ్ యువకుడు సొంతంగా ప్రచురించుకున్న నవలను పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకరు ఆన్‌లైన్‌లో విమర్శించింది. ఆమె ఎక్కడ పనిచేస్తుందో అతను ఫేస్‌బుక్ ద్వారా తెలుసుకున్నాడు. లండన్ నుంచి వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి, ఆమె పనిచేసే సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, వెనక నుంచి వైన్ సీసాతో తల మీద కొట్టాడు. 2015లో కోర్టు అతనికి రెండున్నరేళ్ల జైలు శిక్ష వేసింది. టీవీ క్విజ్ పోటీలో ఒకప్పుడు విజేతగా నిలిచిన చదువుకున్న మనిషి అతను.

ఈ రెండు సంఘటనలనూ ఎక్కడో ఒకరిద్దరు చేసిన పిచ్చిపని అని కొట్టేయడం తేలిక. ప్రతి రచయితా సీసా పట్టుకోడన్నది నిజమే. కానీ రివ్యూ రాసేవారి మీద వీటి ప్రభావం ఎంతో చూడాలి. పత్రికలో సమీక్ష రాసేవారికి సంపాదకుడు, సంస్థ, లాయర్ అండగా ఉంటారు. సూపర్‌మార్కెట్‌లో పనిచేసే అమ్మాయికి ఎవరున్నారు? పుస్తకాల లోకంలో రచయితే బలహీనుడు, రివ్యూయర్లే గుంపు అన్న మాట చాలాసార్లు వినిపిస్తుంది. ఒక్కో రివ్యూయర్‌ని విడిగా చూస్తే లెక్క వేరుగా ఉంటుంది.

అలాగని గుంపు బాధ కల్పితం కాదు. టీనేజర్ల నవలల రంగంలో 2019 మొదట్లో ఇది బాగా కనిపించింది. చైనా నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ అమెలీ వెన్ జావ్ తొలి ఫాంటసీ నవలలో బానిసల వేలం ఉంది. అది నల్లజాతివారి చరిత్రను తేలిక చేసిందని ట్విట్టర్‌లో, గుడ్‌రీడ్స్‌లో విమర్శలు వచ్చాయి. ఆసియాలో నడిచే మనుషుల అక్రమ రవాణాను దృష్టిలో పెట్టుకుని రాశానని జావ్ చెప్పారు, అయినా జనవరి చివర్లో విడుదల ఆపమని ప్రచురణకర్తను కోరారు. మార్పులు చేసి నవంబర్‌లో పుస్తకం తెచ్చారు. ఒక నెల తర్వాత కొసోకో జాక్సన్ వంతు. నల్లజాతి యువకుడైన జాక్సన్, ఇతరుల రాతప్రతుల్లో జాతి, లైంగికత లాంటి విషయాల చిత్రణ సరిగా ఉందో లేదో చూసి చెప్పే పని చేసేవారు. కొసోవో యుద్ధం నేపథ్యంగా రాసిన సొంత నవల అక్కడి ముస్లింల బాధను పక్కన పెట్టిందని ఒక రివ్యూ వచ్చింది. అది పెద్ద దుమారమై, విడుదలకు కొద్ది వారాల ముందు జాక్సన్ పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఈ రెండు పుస్తకాల మీద వచ్చిన ప్రశ్నలు అడగదగినవే. నవలలో బానిసత్వం ఎలా వచ్చింది, మారణహోమం ఎవరి కళ్లతో కనిపించింది అన్నవి సమీక్ష అడగాల్సిన ప్రశ్నలే. ఇబ్బంది వాటికి జవాబు దొరికిన పద్ధతిలో ఉంది. ముందస్తు ప్రతి చదివిన కొద్దిమంది రాసిన రెండు మూడు పేరాలు వేలమందికి తీర్పుగా మారాయి. ఆ వేలమందిలో చాలామందికి పుస్తకం చదివి ఒప్పుకునే, కాదనే వీలే లేకపోయింది. జాక్సన్ నవలయితే చదివే అవకాశమే రాలేదు.

2023 జూన్‌లో అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ విషయంలో ఇది ఇంకా క్లిష్టంగా మారింది. సోవియట్ ప్రభుత్వానికి దూరంగా సైబీరియా అడవుల్లోకి వెళ్లిపోయిన ఒక కుటుంబం కథ రాశానని ఆమె ప్రకటించారు. ఉక్రెయిన్ మీద రష్యా బాంబులు పడుతున్న సమయం అది. రష్యా నేపథ్యంలో ఏ కథయినా ఇప్పుడు వద్దంటూ ఉక్రెయిన్ పాఠకులు బాధతో, కోపంతో రాశారు. గుడ్‌రీడ్స్‌లో ఐదు వందలకు పైగా ఒక్క స్టార్ రేటింగ్‌లు పడ్డాయి. విడుదలకు ఇంకా ఎనిమిది నెలలుంది. ప్రకటించిన వారం లోపే గిల్బర్ట్ ప్రచురణ వాయిదా వేసుకున్నారు. ఇళ్లు కూలిపోతున్న మనుషుల్ని వేధించేవాళ్లు అనడం తప్పు. వాళ్లు తమ మాట వినిపించడానికి దొరికిన చోటు వాడుకున్నారు. అయితే ఆ చోటు పుస్తకం ఎలా ఉందో చెప్పడానికి పెట్టినది. నిరసనకూ, పగకూ, అభిప్రాయానికీ ఒకటే మీట ఉండటం వల్ల మూడింటి మధ్య తేడా చెరిగిపోయింది. ఉక్రెయిన్ పాఠకురాలి ఒక్క స్టార్‌నీ కొరైన్ దొంగ అకౌంట్ ఒక్క స్టార్‌నీ ఆ సైట్ ఒకేలా కూడుతుంది, ఒకే సగటులో కలుపుతుంది.

ఈ బలహీనత దొంగలకు ఎప్పుడో తెలుసు. డబ్బు కట్టకపోతే మీ పుస్తకం మీద ఒక్క స్టార్‌ల వర్షం కురిపిస్తామని రచయితలకు మెయిళ్లు పంపే ముఠాల గురించి 2021లో ‘టైమ్’ పత్రిక రాసింది. సొంతంగా ప్రచురించుకునే చిన్న రచయితలే ఎక్కువగా చిక్కుకున్నారు. ఫిర్యాదు చేస్తే జవాబు రావడానికి రోజులు పట్టేది. 2023 చివర్లో, అసాధారణంగా రేటింగ్‌లు పడుతున్న పుస్తకానికి తాత్కాలికంగా కొత్త రేటింగ్‌లు ఆపే ఏర్పాటు చేశామని గుడ్‌రీడ్స్ చెప్పింది. ఇది రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. విడుదలకు ముందు రేటింగ్‌లు మాత్రం అప్పటికి అలాగే ఉన్నాయి. ముందస్తు ప్రతి ఎవరికి అందిందో ప్రచురణకర్తల దగ్గర లెక్క ఉంటుంది. ఆ లెక్కలో ఉన్నవారికే విడుదలకు ముందు రేటింగ్ తెరిచి ఉంచడం సాంకేతికంగా పెద్ద పనేమీ కాదు. పుస్తకం మీద ప్రచారం తగ్గుతుందేమో అన్న సందేహమే అడ్డు.

తెలుగులో ఈ వైరం రూపం వేరు. మన పుస్తకం ఐదు వందలో వెయ్యో ప్రతులు వేస్తారు. చాలాసార్లు రచయితే డబ్బు పెట్టుకుంటాడు, రచయితే ఫేస్‌బుక్‌లో ప్రకటన పెట్టుకుంటాడు, ఫోన్‌పే నంబర్ ఇచ్చి పోస్టులో తానే పంపుతాడు. కొన్నవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లే. ఇంత చిన్న లోకంలో దొంగ అకౌంట్లు పెట్టి ఒక్క స్టార్ వేసే అవసరం తక్కువ. నేరుగా ఫోనే వస్తుంది. ‘ఏం సార్, అలా రాశారేంటి?’ అన్న పలకరింపు, ఉమ్మడి మిత్రుడి చేత ఒక మాట అనిపించడం, తర్వాతి ఆవిష్కరణ సభకు పిలుపు రాకపోవడం మన దగ్గర పనిచేసే ఒత్తిళ్లు. పత్రికలు సమీక్షకు రెండు ప్రతులు పంపమంటాయి. వచ్చే సమీక్షల్లో చాలావరకు ముందుమాటను క్లుప్తం చేసినట్టుంటాయి. నచ్చలేదు అన్న మాట అచ్చులో కనిపించడం మానేసి చాలా కాలమైంది.

తెలుగు సాహిత్యంలో తిట్టుకోవడం కొత్తా అంటే కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు కవులకూ నడిచిన వివాదం ఊళ్లకు ఊళ్లను రెండుగా చీల్చింది. పద్యాల్లో ఎత్తిపొడుపులు ఏ మాత్రం సున్నితంగా ఉండేవి కావు. కానీ అక్కడ రెండు వైపులా ఉన్నది కవులే. పేరు పెట్టి, పోటీకి సిద్ధపడి, సభలో నిలబడినవాళ్లు. ఇవాళ ఫేస్‌బుక్‌లో ఒక కథ నచ్చలేదని రాసిన అమ్మాయి పోటీకి రాలేదు. ఆమె రాసిన నాలుగు వాక్యాల కింద కథ గురించి ఒక్క మాట లేకుండా ఆమె కులం, పెళ్లి, ఫొటో, చదువు గురించి వ్యాఖ్యలు పడతాయి. స్త్రీల రచనల మీద అదే పని ఇంకో వైపు నుంచి జరుగుతుంది, కథలో పాత్ర చేసినదంతా రచయిత్రి సొంత జీవితానికి అంటగడతారు. మిగతావాళ్లు చూసి ఊరుకుంటారు, ఎందుకంటే వ్యాఖ్య పెట్టినవాడూ ఏదో ఒక సభలో కలిసేవాడే.

స్టార్‌ల లెక్క తెలుగులో ఎక్కువగా కనిపించేది ప్రతిలిపిలో. 2014లో బెంగళూరులో మొదలైన ఈ సంస్థ యాప్‌లో వేలమంది తెలుగులో రాస్తున్నారు, పత్రికల గడప ఎప్పుడూ తొక్కని గృహిణులు, చిన్న ఉద్యోగులు ఎందరో వాళ్లలో ఉన్నారు. ప్రతి భాగం కింద రేటింగ్, పాఠకుల మాటలు కనిపిస్తాయి. అలాంటి చోట ఒక్క స్టార్ తగిలే దెబ్బ గుడ్‌రీడ్స్‌లో కంటే తక్కువేమీ కాదు, ఎందుకంటే చాలామందికి అదే మొదటి రాత, అదే మొదటి స్పందన. అమెరికాలో పదిహేనేళ్లు జరిగినది చూసిన తర్వాత, ఫిర్యాదులు చదివే తెలుగు తెలిసిన మనుషులు సరిపడా ఉన్నారా అన్నది ఇలాంటి వేదికలన్నిటినీ అడగాల్సిన మొదటి ప్రశ్న.

చట్టం సంగతికొస్తే, ఆన్‌లైన్ రాతల మీద ఇష్టం వచ్చినట్టు కేసులు పెట్టడానికి వీలిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. బెదిరిస్తే, ఒక స్త్రీని ఆన్‌లైన్‌లో వెంటాడితే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 351, 78 సెక్షన్లున్నాయి. పరువునష్టం 356వ సెక్షన్. ఈ సెక్షన్‌లోని ఒక మినహాయింపు గురించి మన రచయితలకూ సమీక్షకులకూ తెలియడం చాలా అవసరం. 1860 నాటి శిక్షాస్మృతిలో 499వ సెక్షన్ నుంచి దాదాపు యథాతథంగా వచ్చింది అది. పుస్తకం ప్రచురించిన మనిషి దాన్ని ప్రజల తీర్పుకు పెట్టినట్టే అని ఆ మినహాయింపు చెబుతుంది. కాబట్టి దాని మీద సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయం పరువునష్టం కాదు.

అక్కడ ఇచ్చిన ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. ఫలానా వ్యక్తి పుస్తకం తెలివితక్కువగా ఉంది, అతను బలహీనమైన మనిషి అయి ఉండాలి అని ఒకరంటే అది మినహాయింపు కిందికి వస్తుంది. ఎందుకంటే రచయిత స్వభావం గురించి అన్న ఆ మాట పుస్తకంలో కనిపించినంత మేరకే ఉంది. అతను బలహీనుడు, విచ్చలవిడి మనిషి, అందుకే పుస్తకం అలా ఉందంటే నాకు ఆశ్చర్యం లేదు అని అంటే మాత్రం రాదు. ఆ మాట పుస్తకంలోంచి పుట్టలేదు. గుడ్‌రీడ్స్ 2013లో రాత్రికి రాత్రి గీయబోయి చిక్కుల్లో పడ్డ గీతను నూట యాభై ఏళ్ల ముందే ఇంత సూక్ష్మంగా గీశారు. పుస్తకం నుంచి మనిషి వైపు ఎంత దూరం వెళ్లవచ్చో కూడా చెప్పారు. సదుద్దేశం అన్న మాటకు కూడా చట్టంలో అర్థం ఉంది, తగిన శ్రద్ధ, జాగ్రత్త లేకుండా చేసినది సదుద్దేశం కిందికి రాదు. చదవకుండా చదివినట్టు రాసే సమీక్ష ఆ పరీక్షకు నిలబడటం కష్టం.

ఒక తెలుగు పాఠకురాలు పుస్తకం చదివి, నచ్చలేదని రాసి, మర్నాడు రచయిత నుంచి లాయర్ నోటీసు గురించి బెదిరింపు వింటే, ఆమె వెనక ఈ మినహాయింపు ఉంది. ఆమె ఊరు, కులం, ఇంటి విషయాలు బయట పెట్టేవారి వెనక అది లేదు. ఒక్క మాటా రాయకుండా స్టార్ మాత్రం నొక్కిపోయే యాభై దొంగ అకౌంట్ల జోలికి మాత్రం ఈ మినహాయింపు వెళ్లదు. వాటిని పట్టుకోగలిగింది ఆ లాగిన్ వివరాలన్నీ చేతిలో ఉన్న సైట్‌వాళ్లే.